పైకప్పు సంగతి

పన్నెండింటికల్లా వస్తామన్నారు. ఒంటిగంట దాటింది. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లకు టైమంటే లెక్క ఉండదు, చూపించేవాళ్లు మాత్రం గుమ్మంలో కూర్చుని మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకోవాలి. పైన గోనె సంచులు ఆరిపోతూ ఉంటాయి. పొద్దున ఐదింటి నుంచి మోశాను నీళ్లు, ట్యాంకు దగ్గర నుంచి డాబా ఆ చివరి దాకా. బియ్యం కొట్టు షాలేమ్‌రాజు దగ్గర అడిగి తెచ్చిన అరవై సంచులు స్లాబు మీద పరిచి, బకెట్టు తర్వాత బకెట్టు, ఆరిన చోటల్లా మళ్లీ తడిపి, అరచేతులు బొబ్బలెక్కి, పదకొండున్నరకు ట్యాంకు అడుగంటేదాకా. మోటారు స్విచ్చు కింద ఓనరు గారింట్లో ఉంటుంది, ఆయన భార్య సుబ్బరత్నం గారు నాలుగింటికి గానీ వేయరు. అంటే ఇక కొత్త తడి లేదు, ఉన్న తడితోనే నెట్టుకురావాలి. అయినా కొత్తగూడెంలో, మే నెల మూడో వారంలో, మిట్టమధ్యాహ్నం, నాలుగో అంతస్తులో స్లాబు కిందే కూర్చుని ఉన్నాను, మెడ మీద చెమట లేదు. నాలుగు ఎండాకాలాలు ఇక్కడ కాలిన నాకే ఇది ఎవరిదో ఇల్లనిపిస్తోంది. ఈ చల్లదనం ఇంకో గంట ఉంటుందేమో. గంటన్నర ఉంటే దేవుడి దయ, కానీ ఈ పనిలోకి దేవుణ్ణి లాగడం మర్యాద కాదు.

హాలు రెండుసార్లు కడిగాను. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టాను. కూలర్ మీద దుప్పటి కప్పి పైన పూలకుండీ పెట్టాను, కూలర్ కనబడితే ఎవరికైనా వేడి గుర్తొస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బియ్యం డబ్బా వెనక్కి నెట్టాను. దవాఖానా కాగితాలు బైబిల్లో దాచాను, ఇల్లు చూసేవాళ్లు బీరువా అయినా తీసి చూస్తారు గానీ బైబిల్ తెరవరు. లోపలి గదిలో నాయన పడుకుని ఉన్నాడు, గోడవైపు తిరిగి. నాకు ఆరేళ్లప్పటి నుంచి చూస్తున్నాను, ఏ ఇంట్లో ఉన్నా, ఏ మంచం మీదైనా, గోడవైపే. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ వీపుతోనే సంసారం చేసింది. రాత్రి వేయాల్సిన నిద్రమాత్రని పన్నెండుంపావుకు పొడి చేసి మజ్జిగలో కలిపి తాగించాను. చేదుగుందేంది బిడ్డా అన్నాడు. మెంతిపొడి అన్నాను. అడుగుదాకా తాగేశాడు. నేనిచ్చిందేదీ ఆయన ఏనాడూ సగంలో వదల్లేదని గ్లాసు కడిగేటప్పుడు గుర్తొచ్చింది. గుర్తొస్తే రానీ.

ఆయన మెలకువగా ఉంటే ఈ ఇల్లు ఎవరూ తీసుకోరు. ముందు మూడుసార్లు వచ్చినవాళ్లనూ ఆయనే తరిమాడు. మొదట వచ్చింది బ్యాంకులో పనిచేసే అనిల్‌కుమార్ అనే అబ్బాయి. బాల్కనీ నచ్చింది, వంటిల్లు నచ్చింది, అడ్వాన్సు ఎవరికివ్వాలని అడుగుతున్నాడు. లోపల్నుంచి ఈయన గొంతు, రెండు రోజుల నుంచి మంచినీళ్లు కూడా అడగని గొంతు, శుభ్రంగా పలికింది: "ఈ కొంప తీసుకోకు బిడ్డా. ఉగాది పోంగనే కప్పు కాలుతది. నన్ను రెండుమార్లు దవాఖానాకు మోసిండ్రు." ఆ అబ్బాయి మెట్లు దిగిన వేగం చూడాల్సింది. తర్వాత ఒక టీచరమ్మ, తర్వాత ఇద్దరన్నదమ్ములు, వాళ్లకీ అదే పాట. నేను ఏడ్చాను, మంచం పట్టె పట్టుకుని అరిచాను, వాళ్లు తీసుకుంటేనే మనం కిందికి దిగుతాం నాయనా, నీ ప్రాణం కోసం తిరుగుతున్నా నాయనా అని చెప్పాను. ఆయన గోడకే జవాబిచ్చాడు, చెప్పాలె గదా, అన్నాడు. ఆయన్ని బతికించడానికి ఆయనే అడ్డం. ఇంత మొండి మనిషిని ఏ డాక్టరు బాగుచేస్తాడు.

డాక్టరు మొన్న మంగళవారం రెండోసారి సెలైన్ తీసేస్తూ చెప్పాడు. అరవై దాటిన మనిషి, ఊపిరితిత్తుల నిండా బొగ్గుధూళి, ఒక చెయ్యి పడిపోయింది, మూడోసారి వడదెబ్బ తగిలితే తీసుకురావాల్సిన అవసరం కూడా ఉండదమ్మా అన్నాడు. ఆ ముక్క చెబుతూ పెన్ను మూత కోసం వెతుక్కుంటున్నాడు. ఏసీ పెట్టించుకోవచ్చు గదా అని మా స్కూల్లో వాళ్లంటారు. గోడకి బెజ్జం కొడితే ఓనరు వెంకటరామారావు గారు ఊరుకోరు, ఈ వైరింగు ఏసీలకు ఆగదట. ఆయన ఇంట్లో రెండున్నాయి, అవి మాత్రం ఆ వైరింగుకు అలవాటే కాబోలు. వేరే ఇల్లు చూసుకోవచ్చు గదా అని కూడా అంటారు. చూశాను, పదకొండిళ్లు చూశాను. మంచంలో ముసలాయన ఉన్నాడంటే చాలు, ఇల్లు నిన్ననే ఎవరికో మాటిచ్చామంటారు. అద్దెకిచ్చిన ఇంట్లో ఎవరో పోతే ఇంటికి కీడని వాళ్ల భయం. మనుషులు పోకుండా ఏ ఇల్లు ఉంటుందో నాకైతే తెలియదు.

చెప్పుల చప్పుడు. కాదు, మూడో అంతస్తు తలుపు. అక్కడుండేది రెవెన్యూ ఆఫీసు గుమాస్తా వాళ్లు, కులం కొంచెం మంచిది, అందుకే వాళ్ల నెత్తి మీద మేమున్నాం, స్లాబు కాదు. ఈ బిల్డింగుకు లిఫ్టు లేదు గానీ మెట్లకు పద్ధతుంది. కింద ముందువైపు ఓనర్లు, కృష్ణాజిల్లా నుంచి ముప్పై ఏళ్ల కింద మిర్చి వ్యాపారానికి వచ్చినవాళ్లు. మొదటి అంతస్తులో వాళ్ల చుట్టాలు, రెండులో వాళ్ల ఊరివాళ్లు, మూడులో ఫర్వాలేదనుకున్నవాళ్లు. నాలుగులో మేము. నా పేరు తబితా అని చెప్పగానే సుబ్బరత్నం గారు నవ్వుతూ పైది చూసుకోండి బావుంటుంది, గాలీ వెలుతురూ అన్నారు. గాలీ వెలుతురూ. సూర్యుడు మా ఇంటికొచ్చాకే మిగతావాళ్లింటికి వెళతాడు.

ఇప్పుడు కింద వెనక పోర్షన్ ఎల్లుండి ఖాళీ అవుతోంది. ఒకటే గది, వంటకి చిన్న గూడు, పగలు కూడా లైటు వేసుకోవాలి, గోడలు అరచెయ్యి ఆనిస్తే కుండలాగా చల్లగా ఉంటాయి. ఒకసారి నాయన్ని దవాఖానా నుంచి తెచ్చినప్పుడు పైకి మోసేవాళ్ల కోసం అక్కడ కూర్చోబెట్టాను. కళ్లు మూసుకుని బాయిల ఉన్నట్టుంది బిడ్డా అన్నాడు, నిజంగా సంతోషంతో అన్నాడు. ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషిని తీసుకొచ్చి ఊరందరికంటే ఎత్తులో, ఎండకు అందరికంటే దగ్గరగా పడుకోబెట్టాను. ఆ పోర్షన్ అడిగితే సుబ్బరత్నం గారు కాదనలేదు. కూరగాయలు తరుగుతూ చెప్పారు: "చూడమ్మాయ్, పైది ఖాళీగా ఉంచి కిందది నీకివ్వడం మావల్ల కాదు. పైకెవర్నన్నా చూసిపెట్టి దిగు. పైనైతే ఎవరైనా ఫర్లేదు మాకు." ఇంకో మాట కూడా అన్నారు. దానికి గుమ్మం వెనకసందులోకి కాబట్టి మీ నాన్నగారి విషయం ఎప్పుడేమైనా అటునుంచటే వెళ్లిపోవచ్చట, మా వాకిలికి అంటు ఉండదట. నేను థాంక్సండీ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అంత చల్లని గోడలకు ఆ మాట ఏమంత ఎక్కువ.

కంపెనీ క్వార్టర్లో ఉన్నప్పుడు ఇలాంటివి తెలియవు. పెంకుల పైకప్పు, వెనక వేపచెట్టు, కరెంటుకు నీళ్లకు వెతుక్కునే పని లేదు, అందరిదీ ఒకటే రకం ఇల్లు, ఒకటే రంగు తలుపు. రిటైరైతే ఖాళీ చేయాలి, అది రూలు, అందరూ చేస్తారు, చేసేరోజు మాత్రం అందరూ మొదటిసారి విన్నట్టు చూస్తారు. అమ్మ ఫ్లోరెన్స్ తెలివైంది, రిటైర్మెంటుకు ఆరు నెలల ముందే ఆ క్వార్టర్లోనే కన్ను మూసింది, ఎవరి గుమ్మం నుంచి తీయాలని ఎవరూ అడగలేదు. ఈ ఇంటికి వచ్చిన రోజు నాయన చేసిన మొదటి పని ఏమిటంటే, చీపురు తిరగేసి దాని కర్రతో స్లాబుని నాలుగు మూలలా కొట్టి, తల వంచి వినడం. బాయిలో అలవాటు. పనిలోకి దిగగానే రాడ్డుతో పైకప్పు కొట్టి చూస్తారు, ఖణేల్‌మంటే గట్టిది, బొదబొదమంటే వదులైంది, కింద నిలబడకూడదు. గట్టిదే బిడ్డా, గానీ ఎండకు మాట్లాడుతది ఇది, అన్నాడు. అప్పుడు నవ్వాను. ఏప్రిల్ వచ్చాక విన్నాను, మధ్యాహ్నం పూట స్లాబు టప్ టప్ మంటుంది, వేడికి లోపల ఏదో విరుగుతున్నట్టు. ఇందాక ఒకసారి అంది. తడి అయిపోతోందన్నమాట.

ఒంటిగంటా ఇరవై. ఫోన్ చేయనా. చేస్తే మనకే ఆత్రం అనుకుంటారు.

పోయే షిఫ్టోడు వచ్చే షిఫ్టోనికి కప్పు ముచ్చట చెప్పాలె. నాయన నాకు లెక్కలు నేర్పలేదు, ప్రార్థన అమ్మ నేర్పింది, ఆయన నేర్పింది ఈ ఒక్క వాక్యమే. షిఫ్టు మారేటప్పుడు బయటికొచ్చేవాడు ఎదురొచ్చేవాణ్ణి ఆపి ఎక్కడ కప్పు మంచిగ ఉంది, ఎక్కడ లేదు, ఎక్కడ కట్టె దన్ను పెట్టాలి చెబుతాడు. శత్రువైనా సరే, మాటలు లేకపోయినా సరే, ఇది మాత్రం చెబుతాడు. చెప్పకుండా వచ్చేవాణ్ణి బాయిలో మనిషిగా చూడరు. ఈ సంగతి నాయన అందరి ముందూ చెప్పేవాడు. రెండోది నా ఒక్కదానికే చెప్పాడు, అమ్మ పోయిన ఏడు, ఒక పొద్దున చాయ్ తాగుతూ, గోడవైపు చూస్తూ. నాకు ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి, కబురు బాయిలోకి పంపించారు. నాయన ఉన్నచోట కప్పు ఆ పొద్దుటి నుంచి చిటపటమంటోంది. కబురు వినగానే చేతిలో రాడ్డు పడేసి పరుగెత్తాడు. మలుపు దగ్గర బొజ్జయ్య ఎదురొచ్చాడు, చేతిలో అన్నం డబ్బా, ఈయన స్థలంలోకే వెళ్లాల్సిన మనిషి. నాయన ఆగలేదు. చెప్పలేదు. అరగంటకు బొజ్జయ్య మీద కప్పు కూలింది. నేను మర్నాటికి లేచి బ్రెడ్డు తిన్నానట.

బొజ్జయ్య పెళ్లాం బాలి ఇప్పటికీ అడవి అంచున పాల్వంచ అవతల ఊళ్లో ఉంది. కాళ్లు ఆడినన్నాళ్లూ నాయన ఏటా ఆ తేదీన వెళ్లేవాడు, పండ్లు తీసుకుని, నన్ను తీసుకుని. ఆవిడ మాకు చింతపండు కట్టి ఇచ్చేది, మా ఆయన దోస్తు మరిచిపోకుండ వస్తడు అని ఊరందరికీ చెప్పుకునేది. ఆ చింతపండుతో అమ్మ పులుసు పెడితే నాయన ముట్టేవాడు కాదు. నేను తిన్నాను, ఎందుకో తెలియక తిన్నాను, తెలిశాక నేనే పెట్టుకుని కూడా తిన్నాను. తెలిసినంత మాత్రాన పులుసు రుచి మారదు.

ఇదిగో, చాలాసేపటి నుంచి దీని చుట్టూనే తిరుగుతున్నాను, సరే అనేస్తాను. ఒకసారి నా ప్రాణం కోసం ఆయన చెప్పలేదు. ఈసారి ఆయన ప్రాణం కోసం నేను చెప్పను. అప్పుడు తప్పైతే ఇప్పుడూ తప్పే, కానీ ఆ తప్పు వల్లనే నేను ముప్పై రెండేళ్లుగా అన్నం తింటున్నాను, దాన్ని తప్పనడానికి నాకు నోరెక్కడిది. మా స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను, పొరుగువారి పట్ల బాధ్యత, రెండో పాఠం, నాలుగు మార్కుల ప్రశ్న. అయినా ఇల్లు కాలడమేగా, కూలడం కాదుగా. వాళ్లు వయసులో ఉన్నవాళ్లు. తట్టుకుంటారు. పదిహేను రోజుల్లో వానలు పడతాయి.

చెప్పులు. ఈసారి ఆగి ఆగి వస్తున్నాయి, ఒక జత గబగబా, ఒక జత ప్రతి మలుపులో నిలబడి.

సోమ్లా ముందు వచ్చాడు, బస్ డిపోలో మెకానిక్, ఇల్లెందు వైపు తండా, గోళ్లలో గ్రీజు, నమస్తే మేడం అన్నాడు. వెనక రూప్లి. ఆమెను చూసి నేను తలుపు గడియ పట్టుకున్నాను. సోమ్లా ఫోన్లో ఇద్దరమే ఉంటం అన్నాడు, ఇది చెప్పలేదు. నిండు నెలలు. రెండు చేతులతో నడుము పట్టుకుని, నోటితో గాలి పీలుస్తూ నిలబడింది. వారంలో నొప్పులొస్తాయట. అమ్మ లేదట, పురుడు పోసేవాళ్లెవరూ లేరట, అందుకే పెద్దదవాఖానాకు దగ్గరగా ఇల్లు కావాలట. నెలలు నిండిన మనిషి ఇల్లు మారకూడదని ఒకరు, మా ఇంట్లో పురుడంటే కుదరదని ఒకరు, తండా వాళ్లా అని ఇంకొకరు, ఊరంతా తిరిగారట. సుబ్బరత్నం గారు మాత్రం వెంటనే ఒప్పుకున్నారట, పైనైతే ఫర్లేదు అన్నారట. వచ్చే సోమవారం ఇందులో చేరతారు. సోమవారం రోహిణి కార్తె వస్తుంది. నాకు జాలి వేసింది. వేసింది నిజమే, పక్కన నిలబడింది కాసేపు, దాన్ని కూర్చోమని నేను అనలేదు.

రూప్లి కుర్చీలో కూలబడి నిమ్మకాయ నీళ్లు తాగింది. తలెత్తి ఫ్యాను చూసింది, గోడలు చూసింది, పాదాలు చెప్పుల్లోంచి తీసి కడిగిన బండల మీద ఆనించింది. సల్లగుంది, అంది మొగుడితో. సోమ్లా పంపులు తిప్పి చూస్తున్నాడు, నీళ్లు రాలేదు, నాలుగింటికొస్తాయని చెప్పాను, అదొక్కటీ నిజం. అప్పుడామె అడిగింది, మొహంలోకి చూసి, ఆడవాళ్లు ఆడవాళ్లనే అడిగే తీరులో.

"అక్కా, మీద స్లాబే గదా. ఎండకాలం ఎట్లుంటది?"

"గిట్లనే ఉంటది. ఇప్పుడు చూస్తున్నవు గదా."

పైన టప్ మంది. ఆమె వినలేదు. నేను విన్నాను, ఇంకెవరో కూడా విన్నారు. లోపలి గదిలోంచి నాయన గొంతు, మాత్ర మత్తులో నాలుక మడతబడి, కానీ ఎవరికైనా అర్థమయ్యేంత గట్టిగా: "కప్పు మంచిగ లేదు. లోపలికి రావద్దు. ఆగుండ్రి, లోపలికి రావద్దు."

సోమ్లా పంపు దగ్గర ఆగిపోయాడు. నా నోరు మాత్రం ఆగలేదు, అంత తేలిగ్గా వచ్చింది మాట, ఏళ్ల తరబడి నోట్లో తయారుగా పెట్టుకున్నట్టు.

"మా నాయన. బాయిల పనిచేసిండు. నిద్రల గట్లనే అంటడు."

ఇద్దరూ నవ్వారు, వెక్కిరింపుగా కాదు, పెద్దవాళ్లను చూసి నవ్వినట్టు. రూప్లి లేచి ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్లింది, వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. మా తాత కూడా నిద్రల పశువులను అదిలిస్తడు అంది. మంచం పక్కకు వెళ్లి, ఒంగలేక ఒంగి, కొంగుతో ఆయన మెడ వెనక తుడిచింది. ముసలాయనకు చెమట పడుతుందక్కా అంది. జ్వరం దిగుతోంది, అన్నాను. అట్లనా, మంచిదే, అని కొంగుతోనే కాసేపు విసిరింది. నాయన ఇంకోసారి రావద్దు అన్నాడు, ఈసారి గొణుగుడు, ఆమె సరే తాతా, లోపలికి రాము అంది. బిడ్డను జోకొట్టేటప్పుడు అనే గొంతుతో అంది. ఆ గొంతు ఇంకో వారానికి ఆమెకు పనికొస్తుంది, ఈ గదిలోనే, ఈ స్లాబు కిందే, పూటకో తడిగుడ్డ మార్చుకుంటూ.

ఇల్లు ఖాయం చేసుకున్నారు. దిగే ముందు రూప్లి నా చెయ్యి పట్టుకుంది, బొబ్బలకు తగిలి మండింది. అందరు మా మొఖం మీదనే తలుపేసిండ్రక్కా, నువ్వొక్కదానివే మంచిగ కూసోబెట్టి మాట్లాడినవు అంది. కిందకే పోతున్నవు గదా, నాకు నొప్పులొస్తే పిలుస్త, వస్తవా, అని అడిగింది. వస్తానన్నాను. ఆ మెట్లన్నీ మళ్లీ ఆగి ఆగి దిగింది, ప్రతి మలుపులో. రెండింటికి కింద సుబ్బరత్నం గారి తలుపు గంట మోగింది, అడ్వాన్సు ఇవ్వడానికి కాబోలు, రెండుంపావుకు మా పైకప్పు టప్ టప్ మంటూ ఆగకుండా మొదలుపెట్టింది, రెండున్నరకు నా జాకెట్టు వీపున తడిసి అతుక్కుంది. డాబా మీదకు వెళ్లి చూస్తే సంచులు అప్పడాల్లా ఎండి ఉన్నాయి. షాలేమ్‌రాజుకు సాయంత్రంలోగా ఇచ్చేయాలి. ఒకదాని మీద ఒకటి మడిచి పెట్టాను, అరవై, ఒక్కటి కూడా ఉంచలేదు.

కూలర్ మీద దుప్పటి తీసి, ఓఆర్‌ఎస్ కలిపి తీసుకెళ్లేసరికి నాయన కళ్లు తెరిచి ఉన్నాడు, గోడవైపే. మాత్ర దిగిపోతోంది. ఎవరో వచ్చినట్టున్నరు అన్నాడు. వచ్చిండ్రు అన్నాను. ఇల్లు చూసిండ్రా అన్నాడు. తీసుకున్నరు నాయనా, ఎల్లుండి మనం కిందికి పోతున్నం, అన్నాను. స్లాబు మాట్లాడుతూనే ఉంది. తర్వాత అడిగాడు, ఒక్కో మాటా కూడబలుక్కుని, ఏళ్లుగా ఇంకెవర్నో అడగాలనుకున్నది నన్ను అడుగుతున్నట్టు.

"వచ్చేటోళ్లకు కప్పు సంగతి చెప్పినవా, బిడ్డా?"

"చెప్పిన నాయనా. అంతా చెప్పిన. అయినా తీసుకున్నరు."

మంచి పని చేసినవు అన్నాడు. గ్లాసు అడుగుదాకా తాగాడు. తర్వాత మంచం కిర్రుమంది, పడిపోయిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, మెల్లగా, ముప్పై రెండేళ్ల తర్వాత, మా నాయన నావైపు తిరిగి పడుకున్నాడు.